బాతుకు క్షమాపణ

మా ఆయన నోరు తెరవడు. ఈ ఒక్క ముక్క మీద నేను విడాకులకు పోయానంటే వినుకొండలో ఎవరూ నమ్మలేదు. తాగుతాడా అని అడిగారు. లేదన్నాను. కొడతాడా? లేదు. ఇంకెవరితోనైనా సంబంధమా? అందుకైనా మాటలు కావాలి కదా, ఈయన దగ్గర అవెక్కడివి అన్నాను. మా అమ్మ నెత్తి కొట్టుకుంది.

"నోట్లో నాలుక లేని మొగుడు దొరకటం ఎన్ని జన్మల పుణ్యమే! ఊళ్ళో ఆడోళ్ళు దానికోసం మొక్కుకుంటన్నారు" అంది.

నాకు మాత్రం పోట్లాట కావాలి. మా ఇంటావంటా ఉన్నదే అది. మా నాయనమ్మ, తాతయ్య పొయ్యి ముట్టించిన దగ్గర్నుంచి పోట్లాడుకునేవాళ్ళు. పచ్చట్లో ఉప్పు మీద, గేదె పాలు తగ్గడం మీద, ఎప్పుడో ఏ పెళ్ళిలోనో వియ్యపురాలు అన్న మాట మీద. తాతయ్య పోయిన రోజు నాయనమ్మ అందరిలా శోకాలు పెట్టలేదు. ఆయన పక్కన చతికిలబడి, "మాట మజ్జెలో లేచిపోతివి గదయ్యా, నేను చెప్పాల్సింది ఇంకా చానా ఉంది" అని తిట్టింది. అంతకన్నా పెద్ద ప్రేమ మాట నేనింతవరకు వినలేదు. పెళ్ళంటే అదేననుకుని పెరిగాను.

మా ఆయనను నేనేమన్నా అంటే చేతిలో గ్లాసు కింద పెడతాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు. ఆలోచిస్తాడు. ఆయన నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ లెక్చరరు. కప్పను కోసే ముందు ఎంత జాగ్రత్తగా ఉంటాడో నాకు బదులు చెప్పే ముందు అంతకన్నా జాగ్రత్తగా ఉంటాడు. ఈలోగా నా ప్రశ్న, ఆయన జవాబు, దానికి నా ఎదురుజవాబు అన్నీ నేనే చెప్పేసుకుని, అలిగి, అన్నం మానేసి, ఆకలేసి మళ్ళీ తినేసి కూడా ఉంటాను. అప్పుడు ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని "సరే" అంటాడు. దేనికి సరే అన్నాడో నాకు గుర్తుండదు. గోడతో కాపురం చేయడానికి మొగుడెందుకు, ఇల్లుంటే చాలు కదా.

ఇలా వేగలేక ఒకరోజు బట్టలు సర్దుకుని అదే ఊళ్ళో ఉన్న మా అమ్మ ఇంటికి వెళ్ళిపోయాను. విడాకులు కావాలన్నాను. ఆయన ఆలోచించి "సరే" అన్నాడు. ఇద్దరం ఇష్టపడి విడిపోతున్నామని నరసరావుపేట కోర్టులో దరఖాస్తు పెట్టాం. ఆలోచించుకోండని కోర్టు గడువిచ్చింది. మా ఆయనకు ఇంకా ఆలోచించుకోమని గడువు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చిక్కేమిటంటే, మా ఇద్దరికీ ఉమ్మడిగా ఒక పని ఉంది. ఇంగ్లీషు సినిమాలకు తెలుగు డబ్బింగు మాటలు రాస్తాం. హైదరాబాదు ఆఫీసు వాళ్ళు సినిమాను ఫోనుకు పంపుతారు. ఆడవాళ్ళ మాటలు నేను, మగవాళ్ళ మాటలు ఆయన. కాగితం మీద మా ఆయన వేరే మనిషి. ఆయన రాసిన హీరోలు చెడామడా పోట్లాడతారు, ఎదుటివాళ్ళ మాట నేల మీద పడకముందే తిప్పికొడతారు. అవి చదివి ఇష్టపడి ఆయనను చేసుకున్నాను. మోసపోయానని నేనంటాను, సరుకు వేరు, నమూనా వేరు అని మా అక్క అంటుంది.

సరిగ్గా ఆ గడువు రోజుల్లోనే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మేం విడిపోతున్న సంగతి వాళ్ళకు తెలియదు.

"కొత్త సినిమా మేడమ్. పాత బ్లాక్ అండ్ వైట్ ఇంగ్లీషు కామెడీల వరసలో తీశారు. హీరో హీరోయిన్లు ఊపిరి పీల్చకుండా పోట్లాడుకుంటారు. మీ జంటే రాయాలి. విడుదల కాలేదు కాబట్టి ఎవరికీ చూపించొద్దు, చెప్పొద్దు" అన్నాడు అక్కడి కుర్రాడు.

ఆ పాత సినిమాలు నాకు ప్రాణం. డబ్బున్న తలతిక్క అమ్మాయి, పుస్తకాల్లో తల దూర్చిన అబ్బాయి, మధ్యలో ఒక జంతువు, ఎటు తిరిగినా తగువు. ఎవరూ ఎవరికీ ప్రేమిస్తున్నానని చెప్పరు. చెప్పే తీరిక ఉండదు. వాళ్ళ నోళ్ళు మూతపడితే ప్రేమ పోయినట్టు. వాటిని మన పల్నాడులో తీసినా పెద్దగా మార్చక్కర్లేదని నా అభిప్రాయం, కోట్లు విప్పి పంచెలు కట్టిస్తే చాలు. ఈ కొత్త దాంట్లో హీరో లైబ్రరీలో పనిచేస్తాడు. హీరోయిన్ హోటళ్ళ యజమాని కూతురు, చంకలో బాతును పెట్టుకుని తిరుగుతుంది. ఒక విందులో హీరో ఆ బాతును చూసి, "దీన్ని వండుతారా, లేక ఇదే వడ్డిస్తుందా?" అంటాడు. బాతు మనసు కష్టపెట్టుకుంటుంది. క్షమాపణ చెప్పాలని హీరోయిన్, చెప్పనని హీరో. సినిమా అంతా అదే.

రాయడానికి ఎక్కడ కూర్చోవాలి? మా అమ్మ ఆయనను గడప తొక్కనివ్వదు. ఆయనుండే ఇంటి గడప నేను తొక్కనని అందరి ముందూ శపథం చేశాను. వినుకొండ బస్టాండు దగ్గర టీ తాగుదామంటే ప్రతి బెంచీ మీదా ఒక బంధువు. చివరికి దొరికింది రైలు. ఆయన రోజూ కాలేజీకి పొద్దున ప్యాసింజరులో నరసరావుపేట వెళ్తాడు. నేనూ ఎక్కి, ఆయనతో రాసుకుంటూ వెళ్ళి, అక్కడ దిగి బస్సులో వెనక్కి వచ్చేదాన్ని. ఫోను ఒకటి, ఇయర్‌ఫోన్ వైరు ఒకటి. ఒక కొస ఆయన చెవిలో, ఇంకో కొస నా చెవిలో. విడాకులకు పెట్టుకున్న మొగుడూ పెళ్ళాం ఒకే వైరుకు కట్టేసిన మేకల్లా భుజం భుజం రాసుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. కాపురం చేసినన్నాళ్ళు కూడా అంత దగ్గరగా కూర్చోలేదు.

డబ్బింగు మాట మనసులో రాస్తే కుదరదు, పైకి అని చూసుకోవాలి. తెరమీద పెదవులు కలిసినచోట మనకూ ప, బ, మల్లో ఒకటి పడాలి. ఇంగ్లీషు మాటలు పొట్టివి. తెలుగులో "క్షమాపణ" అని పూర్తయ్యేసరికి హీరోయిన్ నోరు మూసుకుని తలుపు దాకా వెళ్ళిపోయి ఉంటుంది. అందుకని ఒకే మాట పదిసార్లు, రకరకాల వేగాలతో, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ అరుచుకునేవాళ్ళం.

"బాతుకు క్షమాపణ చెప్పు!"

"చెప్పను!"

"అది నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు."

"నేనూ ముట్టలేదు. నన్నెవరన్నా అడిగారా?"

"నువ్వన్న మాట అది మర్చిపోదు."

"బాతుకు జ్ఞాపకశక్తి ఉంటుందని ఏ పుస్తకంలో రాశారు?"

"పుస్తకం మూసి దాని మొహంలోకి చూడు!"

పెట్టెలో జనం వింటున్నారని నాకు తెలుసు. కానీ రైల్లో ఎవరి గోల వారిది అనుకున్నాను. పల్నాడులో పుట్టి అలా అనుకోవడం నా బుద్ధి తక్కువ. ఇక్కడ తగువు ఎక్కడ వినబడినా, అది తీర్చే పూచీ విన్నవాడిదే.

ఒకరోజు "నన్నెవరన్నా అడిగారా?" అన్న మాటను ఆయన మరీ బాగా అన్నాడు. హీరోలా కాకుండా తనలాగా అన్నాడు. నాకు కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. కొంగుతో తుడుచుకుని తలెత్తేసరికి మా ఎదురు సీటు నిండిపోయి ఉంది. శావల్యాపురంలో ఎక్కే ఒక పెద్దాయన, మిరప రైతు, తువ్వాలు దులిపి మా మధ్యకు వంగాడు. ఆయన పక్కన స్కూలుకు వెళ్ళే టీచరక్క, చేతిలో బైబిలు. ఇంకో పక్క కుట్టుమిషన్లు బాగుచేసే భాయ్, ఒళ్ళో పనిముట్ల సంచి. ముగ్గురూ రోజూ చూసే మొహాలే.

"అమ్మాయ్, చానా రోజుల్నుంచి ఇంటన్నాం. మీ సంగతి మాట్టాడదామని కూకున్నాం" అన్నాడు పెద్దాయన.

"అయ్యో బాబాయ్, ఇది సినిమా!" అన్నాను.

"ఎవురి కాపరం సినిమా కాదమ్మా!"

"కాదు బాబాయ్, ఇది మా పని. నిజం పోట్లాట కాదు."

"పనయితే కంట్లో నీళ్ళెందుకొచ్చినై?" అంది టీచరక్క.

ఫోను చూపిద్దామంటే ఆఫీసు వాళ్ళు వద్దన్నారు. పెద్దాయన నేరుగా మా ఆయన వైపు తిరిగాడు.

"ఒక్క మాట చెప్పయ్యా. మీరిద్దరూ ఇడిపోతన్నారా, లేదా?"

మా ఆయన కళ్ళద్దాలు తీశాడు. తుడుచుకోసాగాడు. ఎప్పటిలాగే నేనే చెప్పాను. "అవును బాబాయ్. కోర్టులో ఉంది."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాతు కోసం కాపురం కూలిపోతోందని ఆ క్షణాన రుజువైపోయింది.

"ఆ బాతు ఇప్పుడేడుంది?" అడిగాడు భాయ్ మెల్లగా.

మా ఆయనకు ఎట్టకేలకు మాటొచ్చింది. ఎప్పుడూ అబద్ధమాడని మనిషి కావడంతో ఉన్నదున్నట్టు చెప్పాడు. "మా దగ్గర బాతు లేదండీ."

"పోయిందా!" అంది టీచరక్క గుండె మీద చెయ్యేసుకుని. భాయ్ తల దించుకున్నాడు. పెట్టెలో ఆ మూల నుంచి ఒక ముసలమ్మ, "బెంగతోనే పోయుంటదమ్మా, నోరు లేని జీవి" అంది. తనను గురించి అనుకున్నాడేమో, మా ఆయన అటు చూశాడు.

ఇక తీర్పు మొదలైంది. ఆడమనిషి తరఫున టీచరక్క, మగమనిషి తరఫున భాయ్, మధ్యవర్తిగా పెద్దాయన. మా వైపు పద్ధతి ఒకటుంది. పెద్దమనుషులు కూర్చున్నాక ముందు రెండు పక్షాలూ "మీరెట్టా చెబితే అట్టా" అనాలి. అన్నాక ఇక వెనక్కి పోవడానికి లేదు. నేను అననని మొండికేశాను. మా ఆయన మాత్రం అలవాటు కొద్దీ "సరే" అన్నాడు. చచ్చాం రా దేవుడా అనుకున్నాను.

"అయితే ఇనండి. ఇడిపోయేది మీ ఇష్టం, మేం అడ్డం పడం. కాని కోర్టులో సంతకం పెట్టేముందు ఈ పిల్లోడు బాతుకు చమాపన చెప్పాల. బాకీ ఉంచుకుని పోగూడదు."

"బాతే లేదు కదా బాబాయ్" అన్నాను.

"దాని జాతిది ఇంకోటి తెస్తా. దానికి చెబితే దీనికి చేరుద్ది."

టీచరక్క ఆ బాతు ఆత్మను ఆదివారం ప్రార్థనలో పెడతానంది. మా ఆయన ఆమెకు కృతజ్ఞతలు చెప్పాడు.

ఆ రాత్రి మా అమ్మకు ఇదంతా చెబితే, ఆమె నవ్వలేదు. "బాతుకైనా న్యాయం జరుగుద్ది" అంది.

కోర్టు చివరి వాయిదా రోజు వచ్చింది. ఆ రోజు జడ్జిగారి ముందు ఇద్దరం ఇష్టమేనని చెబితే అయిపోతుంది. నేను రాత్రంతా నిద్రపోలేదు. ఆయన ఒక్కసారి "వద్దు" అంటే ఆగిపోదామని ఉంది. "వద్దు" అనే రెండక్షరాలు. అంతకన్నా పొట్టి మాట తెలుగులో ఏముంటుంది? కానీ అడిగి చెప్పించుకుంటే దానికి విలువేముంది, అది కూడా నేను రాసిచ్చినట్టే అవుతుంది. పొద్దున రైల్లో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆ రోజు పనేమీ లేదు, ఇయర్‌ఫోన్ లేదు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ.

శావల్యాపురంలో పెద్దాయన ఎక్కాడు. భుజాన యూరియా సంచి, సంచికి బొక్క, బొక్కలోంచి బాతు తల. కాలవ కింద పొలాల్లో బాతుల మందను మేపుకునే వాళ్ళ దగ్గర అడిగి తెచ్చాడట. దాన్ని మా మధ్య ఖాళీలో పెట్టాడు. టీచరక్క, భాయ్ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. వెనక సీట్ల వాళ్ళు సీట్ల మీద నిలబడ్డారు. వేరుశనక్కాయలమ్మే ఆమె బుట్ట దించి కింద కూర్చుంది.

"కానీ అయ్యా" అన్నాడు పెద్దాయన.

మా ఆయన బాతును చూశాడు. బాతు మా ఆయనను చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, వంగి, దాని తోక పరీక్షించాడు.

"ఇది మగది. తోక మీద ఈకలు పైకి ముడుచుకున్నాయి" అన్నాడు.

"మగదానికి చమాపన పనికిరాదా ఏంది?" అన్నాడు పెద్దాయన కోపంగా.

మా ఆయన మళ్ళీ ఆలోచనలో పడ్డాడు. రైలు పోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. సరే అంటాడు, చెప్పమన్నది చెప్పేస్తాడు, కోర్టుకు పోయి అక్కడా సరే అంటాడు. ఆయన బదులు నేనే చెప్పేసి వదిలించుకుందామని బాతు వైపు తిరిగి నోరు తెరిచాను.

"ఆగు!" అన్నాడు.

పెట్టెలో అందరికన్నా ఎక్కువగా నేనే అదిరిపడ్డాను. ఆయన నన్ను చూడటం లేదు. బాతునే చూస్తున్నాడు.

"నేను క్షమాపణ చెప్పను. తప్పు నాదొక్కడిదేనా? నేను నోరు తెరిచేలోగా నా మాట కూడా నువ్వే చెప్పేస్తావు. ఒక్కసారన్నా తప్పుగా చెబుతావేమో, దిద్దుదామని చూస్తా. నేననేదానికన్నా నువ్వే బాగా చెబుతావు! ఇంక నాకేం మిగిలింది, సరే అనడం తప్ప?"

బాతు మెడ లోపలికి లాక్కుంది.

"నేను మాట్లాడనని ఊరంతా చెప్పావు. ఆ సినిమాల్లో హీరోలు చెప్పేదంతా ఎవరి మాటలనుకున్నావు? నీకు చెప్పాలనుకుని, చెప్పే సందు దొరక్క, తెల్లోళ్ళ నోట్లో పెట్టి పంపించాను. ఇంట్లో మనిషికి మాట చేరాలంటే హైదరాబాదు మీదుగా పంపాల్సొచ్చింది!"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఎంత బాగున్నాడో! నాకు ఆనందం, కోపం రెండూ ఒకేసారి తన్నుకొచ్చాయి. బాతు తరఫున నేనందుకున్నాను.

"సందు దొరకలేదా? కళ్ళద్దాలు తుడుచుకోవడానికి దొరికిందే! నువ్వు బదులు చెప్పేలోగా పెరుగు తోడుకుంటుంది. ఆ తర్వాత నేనాగాలా?"

"ఆగాలి! నా కళ్ళద్దాలు, నా ఇష్టం! బాతువి, నీకేం తెలుసు?"

"ఎవర్ని బాతంటున్నావు?"

"బాతును కాక నిన్నంటానా? నిన్నంటే వింటావా?"

రైలు ఆగింది. జనం కొందరు దిగుతున్నారు. కిటికీ అవతల నుంచి పెద్దాయన ఊచలు తడుతూ, "నరసరావుపేటమ్మా, దిగండి, కోర్టు!" అని అరుస్తున్నాడు. భాయ్ ఆయన చెయ్యి పట్టుకుని లాగాడు. "వదిలెయ్ బాబాయ్. ఇప్పుడే దారిలో పడింది మిషను" అన్నాడు. టీచరక్క ప్లాట్‌ఫాం మీద నిలబడి మాకు చెయ్యి ఊపింది. ఎందుకు ఊపుతోందో నాకర్థం కాలేదు. అప్పటికి మేం పచ్చళ్ళ సంగతిలో ఉన్నాం. మామిడికాయ ముక్కలు పెద్దవిగా కొయ్యాలని ఆయన మనసులో ఇన్నాళ్ళూ ఉందట! అడిగితే చెప్పొద్దా?

ఫిరంగిపురం దగ్గరకొచ్చేసరికి నా ఫోను మోగింది. మా ఇద్దరి తరఫునా చూస్తున్న వకీలు. "అమ్మా, ఎక్కడున్నారు? మీ కేసు పిలిచారు. ఏమని చెప్పమంటారు?"

నోటిదాకా వచ్చింది జవాబు. పళ్ళు కరిచిపట్టుకుని ఆపాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. ఫోను ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్ళద్దాలు తీయలేదు.

"మా పోట్లాట ఇంకా అయిపోలేదు సార్. ఈ కేసు తీసెయ్యమని చెప్పండి" అన్నాడు.

నేను ఏడుస్తూ, అది కాదు, మామిడికాయ ముక్కల సంగతి తేల్చమన్నాను.

సినిమాకు మాటలు ఇచ్చేశాం. హీరో పెదవులు కలిసిపోయాక కూడా తెలుగు వస్తూనే ఉందని హైదరాబాదు కుర్రాడు గొణిగాడు. హీరోనలా వదిలెయ్యమన్నాను, ఇన్నాళ్ళకు నోరొచ్చింది.

బాతు మా ఇంట్లోనే ఉంది. పెరట్లో నీళ్ళ తొట్టి దానిదే. మా ఆయన కనబడితే చాలు, పిక్క పట్టుకుంటుంది. రైల్లో ఎప్పుడు కలిసినా పెద్దాయన ఇప్పటికీ అడుగుతుంటాడు, చమాపన చెప్పాడా అని. ఇంకా చెప్పలేదంటాను. ఎందుకు చెప్పలేదని నేను ఒకసారి మా ఆయననే అడిగాను. అడిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఎంతసేపైనా సరే అని కూర్చున్నాను.

"చెబితే తగువు తీరిపోతుందని భయం" అన్నాడు.